మూగవోయిన రేడియో – నిదానము, చికిత్స

మా యింటి అటకమీద ఒక పాత రేడియో ఇరువది యేండ్లకు పైగా నిద్రించెను. అది మా పెదనాన్నగారు ఉద్యోగము దొరకిన క్రొత్తలో వాయిదాల మీద కొన్న సెట్టు. ఆయన జీవించియున్నంత కాలము వార్తల వేళకు దాని యెదుట ఇల్లంతయు నిశ్శబ్దమై యుండెడిది. ఒక సంక్రాంతినాడు పిల్లలు చూడవలెనని ముచ్చటపడగా దానిని దింపి, దుమ్ము తుడిచి, ప్లగ్గు గోడలో దూర్చి మీట త్రిప్పితిమి. ఊళ్ల పేర్లు వ్రాసిన గాజు వెనుక దీపము వెలిగినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. నిమిషము గడచునప్పటికి లోపలినుండి సన్నని రొద బయలుదేరి క్రమముగా లావయ్యెను. ఆపై తారు కాగినట్టి వాసన. మేము ప్లగ్గు లాగునంతలో పెట్టె వెనుకనుండి పొగ వచ్చెను.

మరునాడు ఊరిలో వాల్వు సెట్లు విప్పగల వృద్ధుడొకరిని పిలిపించితిమి. ఆయన వెనుక అట్ట ఊడదీసి చాలసేపు చూచిరి. మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు లోపలి తీగచుట్లు కాలిపోయినవి. ఫ్యూజు ఉండవలసిన చోట ఎవరో ఎన్నడో లావుపాటి రాగితీగ చుట్టియుంచిరి. ఒక అల్యూమినియపు గొట్టము ఉబ్బి, మూతినుండి జిగురు కార్చినది. వాల్వులు మాత్రము అన్నియు బ్రతికియే యున్నవి. “ఒక బల్బు అడ్డు పెట్టి ఉంటే ఇది బతికేదండీ” అని మాత్రము ఆయన అనిరి. ఆ బల్బు ఏమి, దానిని ఎట్లు అడ్డు పెట్టవలెను, దానికి ముందును వెనుకను చేయవలసిన పని యేమి, అనునవి ఈ వ్యాసములో చెప్పదలచితిమి.

ఇట్టి సెట్లు తెలుగువారి ఇండ్లలో ఇంకను ఉన్నవి. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రసారములు ప్రారంభించినవి. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. వివిధభారతి 1957లో మొదలైనది. ఆ దశాబ్దములలో కొన్న ఫిలిప్సు, మర్ఫీ, జి.ఇ.సి., హెచ్.ఎం.వి. సెట్లు కొందరి ఇండ్లలో అలంకారముగా నిలిచియున్నవి. కొందరి ఇండ్లలో అటక యెక్కినవి. వానిని తిరిగి పలికింపవలెనను కోరిక కలుగుట సహజము. ఆ కోరిక కలిగిన మొదటి అయిదు నిమిషములలోనే సెట్టునకు ప్రాణాపాయము. సెట్టునకే గాక, విప్పువానికి కూడ.

పాడైన రేడియోను గూర్చి మనలో ప్రబలియున్న మాట ఒకటి కలదు: “వాల్వు పోయింది.” మా అనుభవములో ఈ మాట నిజమైన సందర్భములు తక్కువ. వాల్వు లోపల ఉన్నది శూన్యము. వాడక ఉంచినంత మాత్రమున శూన్యము చెడదు. గాజు పగిలి గాలి చొరబడినయెడల దాని సాక్ష్యము కంటికే కనబడును. వాల్వు కొనను అద్దమువలె మెరయు వెండిరంగు పూత యొకటి యుండును. గాలి సోకిన వెంటనే అది పాలవలె తెల్లబడును. పూత మెరయుచు, గాజులోని తీగ తెగక యున్నచో ఆ వాల్వును ప్రథమ దోషిగా అనుమానింపవలసిన పని లేదు.

నిద్రలో చెడునవి కండెన్సర్లు. నేటి పుస్తకములు వీనిని కెపాసిటర్లనుచున్నవి. వానిలో రెండు జాతులు మనకు ముఖ్యము. అల్యూమినియపు గొట్టములో ఉండు ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఒకటి, మైనపు కాగితపు చుట్టవలె ఉండు కాగితపు కండెన్సరు మరొకటి. మొదటి దానిలో అల్యూమినియపు రేకుమీద ఏర్పడిన ఆక్సైడు పొరయే విద్యుత్తును ఆపు గోడ. 450 వోల్టులకు తగిన కండెన్సరులో సైతము ఆ పొర మందము మిల్లీమీటరులో వేయవ వంతు కూడ ఉండదు. సెట్టు నడచుచున్నంత కాలము విద్యుత్తే ఆ పొరను మరమ్మతు చేసికొనుచుండును. ఏండ్ల తరబడి విద్యుత్తు లేనప్పుడు పొర క్షీణించును. అట్టి దానిమీద ఒక్కసారిగా మూడువందల వోల్టులు పడినచో గోడ ఆగలేదు. కండెన్సరు తీగముక్కతో సమానమగును. ఆ భారమంతయు రెక్టిఫయరు వాల్వుమీదను, ట్రాన్స్‌ఫార్మరుమీదను పడును. మా యింట జరిగినది ఇదియే.

కాగితపు కండెన్సరు చెడు విధము వేరు. మైనము పగుళ్లు వారి కాగితము గాలిలోని తేమను పీల్చును. మన సముద్రతీరపు జిల్లాల వర్షకాలము ఎట్టిదో చెప్పనక్కరలేదు. అప్పడములే మెత్తబడు ఋతువులో కాగితము పొడిగా నుండునా? ఇది పేలదు, పొగ రాదు. మెల్లమెల్లగా విద్యుత్తును కార్చును. అందుచే దీని నేరము పట్టుట కష్టము. దీనిని గూర్చి మరల చెప్పెదము.

సెట్టు విప్పుటకు పూర్వము అది ఏ జాతిదో తెలిసికొనవలెను. ఇందు పొరపాటు పడుట ప్రాణముతో చెలగాటము. ఏ.సి. సెట్టులో ట్రాన్స్‌ఫార్మరుండి, గోడలోని విద్యుత్తును లోపలి ఇనుప పీఠమునుండి, అనగా ఛాసీనుండి, వేరుపరచును. కలకత్తా వంటి నగరములలో కొన్ని వీథులకు ఆ కాలమున డి.సి. విద్యుత్తు వచ్చుచుండెను గనుక, రెండింటిమీదను నడచునట్టి ఏ.సి./డి.సి. సెట్లను కూడ తయారుచేసిరి. ఇవి చవుక యగుటచే డి.సి. ఎరుగని ఊళ్లకు సైతము వచ్చినవి. వీనిలో ట్రాన్స్‌ఫార్మరు లేదు. గోడలోని రెండు తీగలలో నొకటి తిన్నగా ఛాసీకే తగిలియుండును. రెండు పుల్లల ప్లగ్గును ఒక విధముగా దూర్చిన ఛాసీ న్యూట్రలు. తిరగవేసి దూర్చిన ఛాసీ అంతయు 230 వోల్టుల ఫేజు. మీటల ప్రక్కనుండు చిన్న మరలపై కర్మాగారమువారు మైనము నింపుట ఇందులకే. మైనము రాలి, మీట ఊడి, ఇనుప కడ్డీ బయటపడిన ఏ.సి./డి.సి. సెట్టును పిల్లలకు అందుబాటులో ఉంచరాదు.

జాతిని తెలిసికొను ఉపాయము వాల్వుల పేర్లలోనే యున్నది. ఐరోపా పద్ధతిలో పేరు పెట్టిన వాల్వునకు మొదటి అక్షరము దాని పొయ్యి, అనగా వేడితీగ, ఎట్టిదో చెప్పును. ఇ అని మొదలైన వాల్వుకు 6.3 వోల్టులు, ఇ.సి.హెచ్. 81, ఇ.బి.ఎఫ్. 89, ఇ.ఎల్. 84, ఇ.జెడ్. 80 అను పేర్లు కనబడినచో అది సాధారణముగా ట్రాన్స్‌ఫార్మరు గల ఏ.సి. సెట్టు. యు అని మొదలైనవి నూరు మిల్లీయాంపియర్లమీద వరుసగా వెలుగునవి, యు.సి.హెచ్. 81, యు.బి.ఎఫ్. 89, యు.సి.ఎల్. 82, యు.వై. 85 ఉన్న పెట్టె ఏ.సి./డి.సి. జాతి. డి అని మొదలైనవి విద్యుత్తు రాని పల్లెలలో వాడిన బ్యాటరీ సెట్లవి, వానికి 1.4 వోల్టులే చాలును. 90 వోల్టుల పెద్ద బ్యాటరీ వేరుగా నుండెడిది. తక్కిన అక్షరములును వృథా కావు. ఎల్ అనగా స్పీకరును నడపు బలమైన వాల్వు, జెడ్, వై అనగా రెక్టిఫయర్లు, ఎం అనగా స్టేషను కుదిరినదో లేదో చూపు పచ్చని మేజిక్ ఐ. ఏ వాల్వు ఏ పని చేయునో మ్యాపు లేకయే ఇంతవరకు చదువవచ్చును.

యు జాతి వాల్వుల వేడితీగలు పెండ్లిపందిరి దీపములవలె ఒకే వరుసలో ఉండును. పైన చెప్పిన నాలుగింటికి వరుసగా 19, 19, 50, 38, మొత్తము 126 వోల్టులు. మిగిలిన నూరు వోల్టుల పైచిలుకును ఒక పెద్ద రెసిస్టరు వేడిగా మార్చి వదలును. వరుసలో ఏ యొక్కటి తెగినను అన్నియు చీకటి. కావున ఇట్టి సెట్టులో ఏ వాల్వును వెలుగకపోవుట పెద్ద రోగమని భయపడరాదు. ప్లగ్గు తీసి, ఒక్కొక్క వాల్వు వేడితీగను, ఆ పెద్ద రెసిస్టరును మల్టీమీటరుతో చూచిన తెగినది దొరకును.

విప్పువారు పాటింపవలసిన జాగ్రత్తలు కొన్ని. ప్లగ్గు తీసినంత మాత్రమున సెట్టు చల్లారినట్లు కాదు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులో 250, 300 వోల్టులు నిలిచి యుండవచ్చును. వేయి, రెండువేల ఓముల లావు రెసిస్టరును ఇన్సులేషను గల తీగలతో దానికి కొన్ని సెకండ్లు తగిలించి, వోల్టేజి సున్నయైనదని మీటరుతో చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. సెట్టు నడచుచుండగా కొలత తీయవలసి వచ్చినచో ఒక చేయి వెనుకకు కట్టుకొనుట మంచిది. రెండు చేతులతో పట్టినవాని గుండె మీదుగా విద్యుత్తు పోవును. ఏ.సి./డి.సి. సెట్టును 230 నుండి 230కి మార్చు ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు లేకుండ బల్లమీద నడపరాదు. అది లేనివారు ఆ జాతిని తెలిసినవారికి అప్పగించుటయే మేలు. ఇది పిరికితనము కాదు.

ఇక విప్పకుండ చేయదగిన నిదానము. పలుకుచున్న రేడియోలో గరగర వినబడినచో ఆ లోపము రేడియోదేనని మనము వెంటనే తీర్మానింతుము. నేటి ఇండ్లలో ఇది తరచు తప్పు తీర్పు. ఎల్.ఇ.డి. దీపములు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవుపై రొదను కురిపించును. వాల్వు సెట్లు పుట్టిననాటి ఇండ్లలో ఇవి లేవు. బ్యాటరీతో నడచు చిన్న ట్రాన్సిస్టరు నొకదానిని తెచ్చి అదే స్టేషను పెట్టుడు. ఆ రొద అందులోను వినబడినచో ఇంటి మెయిను ఆపి చూడుడు. రొద ఆగినదా, దోషి మీ యింటిలోనే యున్నది. ఒక్కొక్క దీపము వేయుచు పోయిన దొరకును. మా యింట అది పూజగదిలోని దీపపు తోరణము! ఆగలేదా, పొరుగింటిది కావచ్చును. పగటివేళ దూరపు మీడియం వేవు స్టేషన్లు రాకపోవుటయు రోగము కాదు. ఆకాశపు పైపొర పగలు ఆ తరంగములను మింగును. చీకటి పడిన తరువాత పరీక్షింపవలెను. షార్టువేవు బ్యాండు నిర్మానుష్యముగా నున్నదని దిగులుపడువారు, గాజుపై పేర్లున్న ఎన్నో కేంద్రములు ఆ ప్రసారములను మానుకొన్నవని గుర్తుంచుకొనవలెను. ముప్పది అడుగుల ఏరియల్ తీగ కట్టి చూడక సెట్టును నిందింపరాదు. అయితే ఎర్తు తీగను ఏ.సి./డి.సి. సెట్టు ఛాసీకి ఎన్నడును తగిలింపరాదు.

ఇప్పుడు ఆ బల్బు సంగతి. చిన్న చెక్కమీద ఒక బల్బు హోల్డరును, ఒక ప్లగ్గు సాకెట్టును బిగించి, గోడనుండి వచ్చు ఫేజు తీగ బల్బుగుండ పోయి సాకెట్టునకు చేరునట్లు తగిలింపవలెను. న్యూట్రలు తిన్నగా పోవచ్చును. హోల్డరులో 40 లేక 60 వాట్ల పాతకాలపు తీగబల్బు నుంచవలెను. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. తీగబల్బు గుణమేమనగా, చల్లగా నున్నప్పుడు దాని నిరోధము బహు తక్కువ, వెలిగినప్పుడు దానికి పదిరెట్ల ప్రాంతము. సెట్టు కొంచెమే విద్యుత్తు తీసికొన్న బల్బు దాదాపు లేనట్లే యుండును. సెట్టులో షార్టు ఉన్నచో బల్బు తానే పూర్తిగా వెలిగి ఆ భారమును తనమీద వేసికొనును. ట్రాన్స్‌ఫార్మరు కాలదు.

అటకనుండి దింపిన ఏ.సి. సెట్టును ఈ సాకెట్టులో పెట్టి మీట త్రిప్పినప్పుడు బల్బు మొదట ప్రకాశించి, కొన్ని సెకండ్లలో మందగించి, ఎఱ్ఱని కాంతితో నిలిచినచో శుభము. తగ్గక అట్లే మండుచున్నచో వెంటనే ఆపవలెను. అప్పుడు రెక్టిఫయరు వాల్వును, అనగా ఇ.జెడ్. 80 వంటి దానిని, ఊడదీసి మరల పెట్టి చూడుడు. బల్బు మందగించినచో దోషము రెక్టిఫయరు తరువాతిది, సామాన్యముగా ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు. రెక్టిఫయరు లేకున్నను బల్బు మండుచునే యున్నచో ట్రాన్స్‌ఫార్మరునో, వేడితీగలకు పోవు తీగలనో శంకింపవలెను. ఇంత పరీక్ష రెండు నిమిషముల పని. ఒక మాట: ఈ బల్బు సెట్టును కాపాడునే కాని మనుష్యుని కాపాడదు. బల్బు అడ్డమున్నను షాకు షాకే.

నిద్రించిన ఎలక్ట్రోలిటిక్‌లను బల్బు చాటున తక్కువ వోల్టేజితో మెల్లగా మేల్కొలిపి, పొరను మరల పెంచు పద్ధతి యున్నది. కొందరు దానిని మెచ్చుకొందురు. మా అభిప్రాయము వేరు. అరువది యేండ్ల కండెన్సరును బుజ్జగించుట కంటె క్రొత్తది వేయుట మేలు. పాత గొట్టమును అందముకొరకు ఉన్నచోటనే ఉంచి, దాని తీగలు విడదీసి, క్రొత్తదానిని ఛాసీ క్రింద దాచవచ్చును. వోల్టుల అంకె పాతదానికి తగ్గరాదు. మైక్రోఫారడ్ల అంకెను అత్యాశతో పెంచరాదు. రెక్టిఫయరు వాల్వుకు అది భారము. ప్లస్సు మైనస్సులు తారుమారైనచో కండెన్సరు పేలును.

సెట్టు బల్బు పరీక్షలో నిలిచిన పిదప దాని గొంతు వినవలెను. వైద్యుడు నాడి చూచినట్లు, రేడియో వైద్యునికి చెవియే ముఖ్యము. తంబురా మంద్రమువలె ఎడతెగని రొద వచ్చుచున్నదనుకొనుడు. వాల్యూము మీటను పూర్తిగా తగ్గించినను అది మారకున్నచో ఫిల్టరు కండెన్సరు నీరసించినది. మన 50 ఆవృత్తుల విద్యుత్తు రెండు వైపుల రెక్టిఫయరులో 100 ఆవృత్తులై ఆ స్వరమున వినబడును. వాల్యూముతోబాటు రొద పెరిగి తగ్గుచున్నచో లోపము వాల్యూము కంట్రోలునకు ముందున్న భాగములోనిది. స్టేషను మీదికి వచ్చినప్పుడు మాత్రమే రొద వచ్చి, స్టేషను వదలగానే పోవుచున్నచో మెయిన్సు దగ్గర నుండు చిన్న కండెన్సరును చూడవలెను. గోడ విద్యుత్తునకు తగిలియుండు కండెన్సరును మార్చునప్పుడు ఎక్స్, వై తరగతులవిగా గుర్తింపు పొందినవానినే వేయవలెను. ఏరియల్ దగ్గరనుండునది వై తరగతిదే కావలెను.

మీట త్రిప్పినప్పుడు మాత్రము బరబరమన్నచో వాల్యూము కంట్రోలులోని బొగ్గుపూత అరిగినది, లేదా మురికి పట్టినది. కాంటాక్టు క్లీనరు చల్లిన తరచు నయమగును. కొబ్బరినూనె పోసినవారిని మేమెరుగుదుము. అది కొన్నాళ్లకు దుమ్మును పట్టి బంకయగును. బ్యాండు స్విచ్చికిని ఇదే చికిత్స.

అన్నింటికంటె మోసకరమైన రోగము వేరొకటి. సెట్టు పెట్టగానే చక్కగా పలుకును. అరగంటకు గొంతు బొంగురుపోవును. పాట గట్టిగా వచ్చినచోట చీలిపోవును. ఇంటివారు స్పీకరు పాడైనదందురు, అంగడిలోనివారు ఇ.ఎల్. 84 మార్చుడందురు. క్రొత్త వాల్వు వేసిన కొన్నాళ్లు బాగుండి మరల మొదటికి వచ్చును. దోషి ఒక చిన్న కాగితపు కండెన్సరు. మొదటి ఆడియో వాల్వు ఆనోడునుండి ఇ.ఎల్. 84 గ్రిడ్డునకు పాటను మాత్రము దాటించి, వోల్టేజిని ఆపుట దాని పని.

లెక్క చూచినచో దీని కపటము బయటపడును. అవతల ఆనోడుపై నూరు వోల్టులున్నవనుకొందము. గ్రిడ్డునుండి ఛాసీకి పది లక్షల ఓముల రెసిస్టరు కలదు. కండెన్సరు అయిదుకోట్ల ఓముల మేరకు కార్చుచున్నది. అయిదుకోట్ల ఓములనగా సాధారణ మల్టీమీటరుకు లోపమే కనబడదు. దాని ముల్లో అంకెయో ‘బాగున్నది’ అని చెప్పును. కాని నూరు వోల్టులు ఏబదియొక్క భాగములై, ఒక భాగము, అనగా రెండు వోల్టుల దగ్గర, గ్రిడ్డుపై నిలుచును. అక్కడ ఉండవలసినది సున్న. సెట్టు వేడెక్కిన కొలది కాగితము ఇంకను కార్చి, నిరోధము రెండుకోట్లకు దిగినచో గ్రిడ్డుపై దాదాపు అయిదు వోల్టులగును. వాల్వు అదుపు తప్పి అధిక విద్యుత్తును లాగును.

కావున పరీక్ష కండెన్సరుపై కాక, గ్రిడ్డుపై చేయవలెను. ఏ.సి. సెట్టు అరగంట నడచిన తరువాత డిజిటలు మీటరుతో ఇ.ఎల్. 84 రెండవ పిన్నుకును ఛాసీకిని మధ్య డి.సి. వోల్టేజి చూడుడు. ఒకటి రెండు వోల్టులు ప్లస్సుగా కనబడినచో కండెన్సరు ఒక కొనను విడదీయుడు. వోల్టేజి మాయమైనచో నేరము రుజువైనది. మాయము కాకున్నచో వాల్వునే శంకింపవచ్చును. మూడవ పిన్ను, అనగా కేథోడు, మరొక సాక్షి. అక్కడ 150 ఓముల రెసిస్టరున్న సెట్టులో సుమారు ఏడున్నర వోల్టులుండవలెను, అనగా 50 మిల్లీయాంపియర్లు. 10, 11 వోల్టులు చూపినచో 70 మిల్లీయాంపియర్లు పోవుచున్నవి. ఆనోడుకు పన్నెండు వాట్లే శక్తి. ఇప్పుడు దానిమీద పదునైదు వాట్ల ప్రాంతము పడుచున్నది. చీకటిలో చూచిన గాజులోని రేకు ఎఱ్ఱబడి కనబడును. అట్లే నడపినచో వాల్వు పోవును, దాని వెనుక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును పోవును. ఆ కండెన్సరు స్థానమున అదే విలువ గల, సామాన్యముగా 0.01 లేక 0.02 మైక్రోఫారడ్ల, 630 వోల్టుల ప్లాస్టికు ఫిల్ము కండెన్సరు వేయుట చాలును. వెల చాల తక్కువ. మా నియమమేమనగా, ఏ పాత సెట్టు వచ్చినను మొదట దీనిని మార్చిన పిదపనే గంటల తరబడి నడపుదుము.

సెట్టు వెలుగుచున్నది, రొద లేదు, పాటయు లేదు. అప్పుడు స్పీకరునుండి వెనుకకు నడువవలెను. ఏ.సి. సెట్టులో ఇన్సులేషను పిడి గల స్క్రూడ్రైవరు మొనను వాల్యూము కంట్రోలు నడిమి కొనకు తాకించినప్పుడు గట్టిగా గుఱ్ఱుమన్నచో అక్కడనుండి స్పీకరువరకు మార్గము బాగున్నది. లోపము రేడియో తరంగములను పట్టు ముందుభాగములో నున్నది. ముందుభాగములో ఆసిలేటరు పని చేయుచున్నదా యని చూచుటకు చక్కని ఉపాయమొకటి కలదు: ఒక రేడియో చేత మరొక రేడియోను వినిపించుట. మూగ సెట్టును 600 కిలోహెర్ట్‌జ్ వద్ద పెట్టుడు. దాని పక్కన చిన్న ట్రాన్సిస్టరును ఉంచి 1055 దగ్గర మెల్లగా త్రిప్పుడు. మూగ సెట్టు ఆసిలేటరు తాను పట్టదలచిన స్టేషనుకంటె 455 పైన పలుకును గనుక, అది బ్రతికియున్నచో ట్రాన్సిస్టరులోని సవ్వడి ఆ చోట హఠాత్తుగా అణగును, లేదా ఈల వినబడును. మూగ సెట్టు మీట కదిపినప్పుడు ఆ చోటు కూడ కదలవలెను. ఏ ధ్వనియు లేకున్నచో ఇ.సి.హెచ్. 81ను, దాని చుట్టునున్న భాగములను చూడవలెను. తరచు వాల్వు పిన్నులపై పట్టిన చిలుమే కారణము. ప్లగ్గు తీసి, వాల్వును నాలుగైదుమార్లు ఊడదీసి పెట్టిన చాలును.

చేయరాని పని యొకటి చెప్పి ముందుకు పోవుదుము. అల్యూమినియపు డబ్బాల తలలపై కనబడు మరలు వదులైనవని బిగించువారు కలరు. అవి వదులైనవి కావు. అవి 455 కిలోహెర్ట్‌జ్‌కు కొలిచి నిలిపినవి. వానిని త్రిప్పినచో సిగ్నల్ జనరేటరు ఉన్నవారుగాని తిరిగి సరిచేయలేరు.

ట్రాన్సిస్టరు సెట్లలో వాల్వుల బాధలు లేవు, షాకు భయము లేదు. ట్రాన్సిస్టరును 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొనిరి. అవి చిరంజీవులని మొదట తలచిరి. కాని 1960 దశకపు సెట్లలో విరివిగా వాడిన ఏ.ఎఫ్. 117 అను జెర్మేనియపు ట్రాన్సిస్టరుకు వింత వ్యాధి కలదు. దాని డబ్బా లోపలి తగరపు పూతనుండి వెంట్రుకలవంటి సన్నని తగరపు పోగులు తమంతట తామే మొలచి, పెరిగి, లోపలి కాళ్లకు తగులును. సెట్టు మూగపోవును. నాలుగు కాళ్లలో డబ్బాకు తగిలియుండు కాలిని కత్తిరించినచో చాలసార్లు తిరిగి పలుకును. ఇంకొక శత్రువు మరచిపోయిన బ్యాటరీ. వాడనప్పుడు దానిని తీసివేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

మా పెదనాన్నగారి సెట్టు ఏమైనదని అడుగువారుందురు. ట్రాన్స్‌ఫార్మరును విప్పి, కాలిన చుట్లను ఒక్కొక్కటిగా లెక్కించి, అదే లావు తీగతో మరల చుట్టింపవలసి వచ్చెను. చుట్టువానికొరకు వెదకుటకే నాలుగు నెలలు పట్టెను. ఈ లోపల మా బంధువులొకరు తమ సెట్టును కూడ తెచ్చిరి. దానిని ముందుగా బల్బు సాకెట్టులో పెట్టితిమి. బల్బు తగ్గక మండినది. రెక్టిఫయరు ఊడదీయగానే మందగించినది. ఎలక్ట్రోలిటిక్‌లు రెండు, గ్రిడ్డు కండెన్సరు ఒకటి, మెయిన్సుపై నున్న చిన్నది ఒకటి మార్చి, రాగితీగ చుట్టిన ఫ్యూజు తీసివేసి సరియైనది వేసితిమి. మూడవనాటి రాత్రి అది పలికెను. మా సెట్టు ట్రాన్స్‌ఫార్మరు వచ్చిన తరువాత అదే చికిత్స దానికిని చేసితిమి. స్టేషను ముల్లు మాత్రము జారుచుండెను. దారము సాగి స్ప్రింగు వదులైనది. వయొలిన్ కమానుకు రాయు రోజిన్ పొడిని ఇరుసుపై కొద్దిగా రాచి, స్ప్రింగును ఒక కన్ను బిగించితిమి. ఇప్పుడు ముల్లు కదలుచున్నది.